చక్రం తిరిగింది, లెక్క రాలేదు!

మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసిన రోబో బండి తిన్నగా పోవాలి. కాని స్విచ్చి వేయగానే కుడివైపుకు గిర్రున తిరిగిపోయేది. సైన్సు ప్రదర్శన ఇంకా నాలుగు రోజులే ఉంది. తప్పు ప్రోగ్రాములో ఉందనుకొని మూడు రోజులు దాన్నే మార్చి మార్చి రాశారు. బండి మాత్రం తిరుగుతూనే ఉంది!

చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే భాగాన్ని ఎన్‌కోడర్ అంటారు. చక్రంతోపాటే తిరిగే ఒక పలుచని ప్లాస్టిక్ బిళ్ళకు 20 చీలికలుంటాయి. దాని అంచు గుర్రపు నాడా ఆకారంలోని సెన్సారు మధ్యగా పోతుంది. సెన్సారులో ఒక పక్కనుంచి కంటికి కనపడని పరారుణ కాంతి వెలువడుతుంది. రెండో పక్క దాన్ని గ్రహించే ట్రాన్సిస్టరు ఉంటుంది. చీలిక వస్తే కాంతి దాటుతుంది, పన్ను వస్తే ఆగుతుంది. ఈ మార్పులే బోర్డుకు లెక్క. చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 204. అంటే ఒక్కో చీలికకు బండి 10 మిల్లీమీటర్లు నడిచినట్టు.

ఇప్పుడు ఎడమ చక్రం లెక్క అందలేదనుకోండి. ‘ఎడమ చక్రం కదలడం లేదు కాబోలు’ అని బోర్డు దాని మోటారును ఇంకా వేగంగా తిప్పుతుంది. ఎడమ చక్రం పరుగెత్తితే బండి ఎటు తిరుగుతుంది? కుడివైపుకే గదా! ప్రోగ్రాము తన పని తాను సరిగానే చేస్తోంది. దానికి అందిన సమాచారమే తప్పు.

అందుచేత ముందు తీగలను పరీక్షించాలి. మోటారు బాటరీని విడదీసి, బోర్డుకు మాత్రం విద్యుత్తు ఉంచండి. మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. స్థానంలో పెట్టి, సెన్సారుకు విద్యుత్తు అందే రెండు పిన్నులమీద ఆనించండి. 5 వోల్టుల బోర్డయితే సుమారు 5 కనపడాలి. తరువాత ఎర్ర తీగను సంకేతపు పిన్నుమీద పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. (బలంగా తిప్పకండి, లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి.) మీటరు ఒకసారి సున్నా దగ్గరకు, ఒకసారి 5 దగ్గరకు పోతూ రావాలి. వేగంగా తిప్పితే మధ్యలో ఏదో విలువ చూపుతుంది. అది లోపం కాదు, మీటరు అంత త్వరగా మారలేదు.

ఇదే పరీక్షను బోర్డు చివర మళ్ళీ చేయండి. సెన్సారు దగ్గర మార్పు ఉండి బోర్డు దగ్గర లేకపోతే దోషం నడుమనున్న తీగదే. తెగిన తీగ చిత్రమైనది. ఒకోసారి లెక్క అసలు రాదు. ఒకోసారి మోటారు పుట్టించే విద్యుత్ అలజడిని పట్టుకొని, చక్రం కదలకపోయినా లెక్క పెరుగుతుంది.

రెండు చివరలా బాగానే ఉంటే చక్రాన్ని చేత్తో సరిగ్గా 10 చుట్లు తిప్పండి. లెక్క 200 రావాలి. చీలిక మొదలునూ, చివరనూ కూడా లెక్కించే ప్రోగ్రామయితే 400. చేత్తో సరిగా వచ్చి, మోటారు నడిపితే ఎక్కువ వస్తే, మోటారు రెండు కొసల నడుమ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును అతికి చూడండి.

మా బండిలో సెన్సారు దగ్గర మీటరు చక్కగా ఊగింది, బోర్డు దగ్గర కదలలేదు. విద్యుత్తు ఆపి, మీటరును బజరు స్థానంలో పెట్టి తీగ రెండు కొసలా ఆనించాం. పైతొడుగు కొత్తదానిలాగే ఉంది. పిన్ను దగ్గర వంచితే బజరు మోగింది, వదిలితే ఆగిపోయింది. తీగ లోపలే తెగింది! దాన్ని మార్చడానికి అర నిమిషం చాలింది. మూడు రోజులు చెడగొట్టిన ప్రోగ్రామును మొదటి రూపానికి తేవడానికి మాత్రం ఆ సాయంత్రమంతా పట్టింది.