విశ్వాసమును విచారణయు

పాఠము: యోహాను 20:24–29, అపొ. కార్యములు 17:10–12, 1 పేతురు 3:15



పట్టణములలో చదువుకొనుచున్న మన యౌవనస్థులు సెలవులకు ఇల్లు చేరినప్పుడు, "దేవుడున్నాడనుటకు ఋజువేమి?" అని అడుగుచున్నారు. అనేక గృహములలో దీనికి దొరకు ఉత్తరము గద్దింపు మాత్రమే. గద్దింపబడినవాడు మరల అడుగడు. కొంతకాలమునకు ఆరాధనకును రాడు. కావున ఈ నెల ఆ ప్రశ్ననే మన ముందు పెట్టుకొందము.

1. అడుగుట పాపము కాదు. తోమా గాయములను చూడనిదే నమ్మనన్నాడు. ఎనిమిది దినములైన తరువాత ప్రభువు వచ్చి, అతడు కోరిన గురుతులనే చూపెను. చూడక నమ్మినవారిని ధన్యులనెను గాని, చూడగోరినవానిని వెళ్లగొట్టలేదు. బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచిరి. అందుకు వారికి మెప్పే కలిగెను. మన నిరీక్షణకు హేతువు అడుగువారికి సాత్వికముతో బదులు చెప్పవలెనని పేతురు బోధించెను. కోపము హేతువు కాదు.

2. సందేహించువారి మాటలో సత్యమున్నది. 1877లో క్లిఫర్డ్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు ఒక ఉపమానము వ్రాసెను. ఒక ఓడ యజమానునికి తన పాత ఓడ ప్రయాణమునకు తగదేమోనని అనుమానము కలిగెను. పరీక్షింపక, దైవము కాపాడునని మనస్సుకు నచ్చచెప్పుకొని, జనమును ఎక్కించి పంపెను. ఓడ మునిగెను. అతని నమ్మకము నిష్కపటమే. అయినను దానిని నమ్ముటకు అతనికి హక్కు లేదని క్లిఫర్డ్ తీర్పు. ఓడ మునుగకపోయినను దోషము దోషమేననెను. ప్రార్థన పేరిట రోగికి మందు మాన్పించువారు ఈ మాటను మరువకూడదు.

3. అయితే అన్నిటికిని ఋజువు వచ్చువరకు ఆగలేము. 1896లో అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ క్లిఫర్డ్‌కు ప్రత్యుత్తరమిచ్చెను. ఋజువుచే తేలని కొన్ని సంగతులలో ఆగియుండుటయు ఒక నిర్ణయమే, దానికిని నష్టమున్నదని ఆయన వాదము. మన రైతును చూడుడి. విత్తనములను తడిగుడ్డలో కట్టి, మొలక వచ్చునో లేదో చూచును. అది విచారణ. వాన పడునో లేదో తెలియకయే విత్తును. అది విశ్వాసము. మొలక చూడనివాడు అవివేకి. వాన నిశ్చయమైన తరువాతనే విత్తుదుననువానికి పంట లేదు. రెండును ఒకే రైతు చేయు పనులే.

అయినను మన ఉత్తరములకు హద్దు కలదు. నీతిమంతునికి శ్రమ యేలయని యోబు అడిగెను. కారణము అతనికి తెలుపబడలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పిన అతని స్నేహితులమీదనే దేవుని కోపము రగులుకొనెను. తెలియదని ఒప్పుకొనుట విశ్వాసమునకు అవమానము కాదు.

4. జీవితమును ఒక ఋజువే. గోపరాజు రామచంద్రరావుగారు, అనగా గోరాగారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారెను. దేవుడు లేడన్న ఆయన అంటరానితనముపై పోరాడి, సహపంక్తి భోజనములు నడిపించిరి. దేవుడొక్కడే తండ్రియను మన సంఘములలో కులమును బట్టి పెండ్లి సంబంధములు చూచుచున్నంతకాలము మన యౌవనస్థులు దేనిని నమ్మవలెను? నాస్తికుల పుస్తకములకంటె మన పంక్తిలోని భేదమే వారిని ఎక్కువగా దూరము చేయును. విశ్వాసమునకు హేతువు చెప్పుదము. ఆ హేతువు మన యింటిలోను కనబడనిత్తము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో సందేహమును అడుగుటకు ఎవరైన భయపడుచున్నారా?
2. విచారింపక నమ్మి, ఇతరులకు హాని చేసిన సంగతి ఏదైన కలదా?
3. మన నడతను చూచిన పొరుగువాడు మన దేవునిగూర్చి ఏమని తీర్పు చెప్పును?