బొరియలో సాలీడు కొత్త జాతేనా?

రంగూన్‌లో, అంటే ఇప్పటి యాంగోన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో నేలబొరియలో కాపురముండే సాలీడొకటి కనబడిందనుకుందాం. ముందు వరుసలో నాలుగు చిన్న కళ్ళు, వెనక రెండు పెద్దవి, ఆ వెనక మరో రెండు ఉండి, తల్లి గుడ్లసంచిని పొట్టచివర తగిలించుకు తిరుగుతుంటే అది తోడేలు సాలీడు. ఇంతవరకు తేలికే.

ఏ జాతి అన్నదే చిక్కు. రంగుని, చారలని నమ్మలేం. ఒకే జాతిలోనే మారిపోతుంటాయి. పిల్లలు పనికిరావు. ఎదిగిన ఆడదాని జననాంగపు పలకనీ, మగదాని పాల్ప్‌నీ మైక్రోస్కోపు కింద చూడాలి.

తరవాత పాత పేర్లు తవ్వాలి. బర్మాలో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగి యూజీన్ ఓట్స్ పోగుచేసిన సాలీళ్ళను తోరెల్ 1895లో వర్ణించాడు. ఆ నమూనాలు చేరింది లండన్ మ్యూజియానికి. లియొనార్డో ఫేయా సేకరించినవి జెనోవాకి. వాటితో పోల్చకుండా పేరు పెడితే, ఉన్న ఫంక్షన్‌నే మళ్ళీ రాసి కొత్త పేరు తగిలించినట్టే. సాధారణంగా పాత పేరే నెగ్గుతుంది. (మన ఆఫీసుల్లో ఈ నియమం ఉంటే ఎంత బాగుండు!)

తేడా నిజమైతే ఒక నమూనాని హోలోటైపుగా ఎంచి, మ్యూజియంలో భద్రపరచి, వర్ణన ప్రచురించాలి. 2012 నుంచి ఆన్‌లైన్ ప్రచురణా చెల్లుతుంది, ముందుగా జూబ్యాంక్‌లో నమోదైతే.