హెచ్‌డీఎంఐ కేబుల్ ఏది కొనాలి? పసుపు వైరు నుంచి 48 జీబీపీఎస్ దాకా పూర్తి గైడ్

43 అంగుళాల 4కె టీవీ గోడకు ఎక్కింది. హెచ్‌డీ ప్యాక్ కూడా వేయించారు. అయినా క్రికెట్ మ్యాచ్‌లో స్కోరు అంకెలు మసకగా కనిపిస్తున్నాయా? టీవీని తిట్టే ముందు ఒకసారి దాని వెనక్కి చూడండి. సెట్‌టాప్ బాక్స్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు వస్తున్నాయంటే సమస్య అక్కడే ఉంది.

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు టీవీ సిగ్నల్ ఇంటికి చేరే దారి చాలా మారింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్లాన్‌తో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే ఫైబర్ మీద వచ్చాయి. కొందరి ఇళ్లలో డీటీహెచ్ ఉంది, ఇంకొందరు ఫైర్ టీవీ స్టిక్ పెట్టుకున్నారు. సిగ్నల్ ఎంత దూరం నుంచి ఎంత నాణ్యంగా వచ్చినా, బాక్స్‌కీ టీవీకీ మధ్య ఉన్న ఆ చివరి మీటరు వైరు సరైనది కాకపోతే లాభం లేదు. ఆ వైరును ఎలా ఎంచుకోవాలో మూడు ఇళ్లను ఊహించుకుని చూద్దాం.

మొదటి ఇల్లు: మదనపల్లెలో సెట్‌టాప్ బాక్స్, 4కె టీవీ

పసుపు వైరును కాంపోజిట్ అంటారు. బొమ్మ మొత్తం ఆ ఒక్క వైరులోనే అనలాగ్‌గా వెళ్తుంది. ఎరుపు, తెలుపు వైర్లు శబ్దానికి. మన దేశపు పాల్ పద్ధతిలో ఈ వైరు ఇచ్చేది 720×576, అంటే సుమారు 4.15 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీలో 1920×1080 లెక్కన 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. హెచ్‌డీ ప్యాక్‌కు డబ్బు కట్టి పసుపు వైరుతో చూస్తే ఐదో వంతు బొమ్మే చూస్తున్నట్టు.

దీనికి పరిష్కారం ఒక మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్. బాక్స్‌కు దాదాపు 1080ఐ చాలు, కాబట్టి ఖరీదైనది అక్కర్లేదు. కేబుల్ మార్చాక బాక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వీడియో అవుట్‌పుట్ ఎంత ఉందో చూడండి. 576 దగ్గరే ఆగి ఉంటే 1080కి మార్చాలి. చాలామంది వదిలేసేది ఈ స్టెప్పే.

పాత బాక్స్‌లో హెచ్‌డీఎంఐ పోర్టే లేకపోతే? ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెడితే టీవీలో బొమ్మ వస్తుంది, కానీ హెచ్‌డీ అవ్వదు. లేని పిక్సెళ్లను కన్వర్టర్ పుట్టించలేదు. ఇంకో మాట: ఏవీ టు హెచ్‌డీఎంఐ వేరు, హెచ్‌డీఎంఐ టు ఏవీ వేరు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పనిచేసేది మాత్రం ఒక దిక్కుకే. కొనేటప్పుడు ఇన్‌పుట్ ఏదో, అవుట్‌పుట్ ఏదో చదివి తీసుకోండి.

కేబుల్ మీద అంకెల అర్థం ఏంటి?

హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ 2002 డిసెంబర్‌లో వచ్చింది. సోనీ, పానసోనిక్, ఫిలిప్స్, తోషిబా లాంటి కంపెనీలు కలిసి చేశాయి. 2013లో 2.0, 2017లో 2.1 వచ్చాయి. ఈ వెర్షన్ నంబర్లు పరికరాల పోర్టులకే గానీ కేబుళ్లకు కావు. కేబుళ్లకు వేరే తరగతులున్నాయి:

• హై స్పీడ్: 10.2 జీబీపీఎస్. 1080పి, 4కె 30 హెర్ట్జ్ వరకు.
• ప్రీమియం హై స్పీడ్: 18 జీబీపీఎస్. 4కె 60 హెర్ట్జ్, హెచ్‌డీఆర్.
• అల్ట్రా హై స్పీడ్: 48 జీబీపీఎస్. 4కె 120 హెర్ట్జ్, 8కె 60 హెర్ట్జ్.

ఈ అంకెలు ఊరికే పెట్టినవి కాదు. 1080పి 60 హెర్ట్జ్‌కు కేబుల్ మీద వెళ్లే డేటా సుమారు 4.46 జీబీపీఎస్. 4కెలో పిక్సెళ్లు నాలుగింతలు, కాబట్టి 60 హెర్ట్జ్‌కు సుమారు 17.8 జీబీపీఎస్ కావాలి. ప్రీమియం కేబుల్‌కు 18 అని ఎందుకు పెట్టారో అర్థమైంది కదా!

ప్యాకెట్ మీద ‘హెచ్‌డీఎంఐ 2.1’ అని పెద్దక్షరాలతో ఉంటే అది రుజువు కాదు. ప్రీమియం, అల్ట్రా రకాలకు క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికేషన్ లేబుల్ ఉంటుంది. ఫోన్‌లో హెచ్‌డీఎంఐ కేబుల్ సర్టిఫికేషన్ యాప్‌తో స్కాన్ చేసి చూడండి. మదనపల్లెలో కొన్నా, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొన్నా ఇదే పద్ధతి.

మరి బంగారు పూత పిన్నులు? తుప్పు పట్టకుండా కాపాడతాయి, అంతే. డిజిటల్ సిగ్నల్‌లో రంగులు ‘కొంచెం బాగుండటం’ అనేది కేబుల్ వల్ల రాదు. కేబుల్ సరిపోకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో నల్లగా అవుతుంది, లేదా ‘నో సిగ్నల్’ అని వస్తుంది. ఇవేవీ లేవంటే మీ కేబుల్ పని మీ కేబుల్ చేస్తోంది. దాని బదులు పదింతల ధర పెట్టి కొన్నా బొమ్మ మారదు.

రెండో ఇల్లు: పుంగనూరులో మిద్దె మీద ప్రొజెక్టర్

బాక్స్ ఒక గోడ దగ్గర, ప్రొజెక్టర్ సీలింగ్‌కు. మధ్యలో 12 మీటర్లు. ఇక్కడ అసలు శత్రువు దూరం. రాగి తీగలో వేగం పెరిగేకొద్దీ సిగ్నల్ త్వరగా బలహీనపడుతుంది. 1080పికి 10 మీటర్ల మంచి రాగి కేబుల్ సరిపోవచ్చు. 48 జీబీపీఎస్ అయితే రాగి మూడు నుంచి ఐదు మీటర్ల దాకానే నమ్మకం.

అంతకన్నా దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. లోపల ఫైబర్ ఉంటుంది. దీనికి దిక్కు ఉంది: ‘సోర్స్’ అని రాసిన కొస బాక్స్‌కు, ‘డిస్‌ప్లే’ అని రాసిన కొస ప్రొజెక్టర్‌కు. తిరగేసి పెడితే బొమ్మ రాదు. గోడలో పైపు వేయించే ముందే కేబుల్ కొని, దాని ప్లగ్ ఆ పైపులో దూరుతుందో లేదో చూసుకోండి. కేబుల్‌ను గోడలోకి లాగే ముందు నేల మీద పరిచి ఒక గంట నడిపి చూడండి. ప్లాస్టరింగ్ అయ్యాక తెలిస్తే గోడ పగలగొట్టాల్సిందే.

మూడో ఇల్లు: కుప్పంలో స్టూడెంట్ గది

ఇక్కడ ఉన్నవి ఫోన్, పీఎస్5, సౌండ్‌బార్. ఒక్కోదానికి ఒక్కో మెలిక ఉంది.

ఫోన్: టైప్‌సీ రంధ్రం ఉన్నంత మాత్రాన టీవీకి బొమ్మ వెళ్లదు. స్పెక్స్ పేజీలో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అని ఉండాలి. ఐఫోన్ 15 సిరీస్, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 లాంటి వాటిలో ఉంది. యూఎస్‌బీ 2.0 అని రాసి ఉన్న బడ్జెట్ ఫోన్లలో ఉండదు. ఆ ఫోన్‌కు టైప్‌సీ టు హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే డబ్బు దండగే. వైఫై ద్వారా కాస్ట్ చేసుకోవడం మేలు.

పీఎస్5: దీంతో బాక్స్‌లో వచ్చే కేబులే అల్ట్రా హై స్పీడ్. కొత్తది కొనక్కర్లేదు. 4కె 120 రావాలంటే టీవీ కూడా దానికి తగ్గదై ఉండాలి. చాలా టీవీల్లో అన్ని పోర్టులూ ఆ వేగం ఇవ్వవు. పోర్టు పక్కన రాసింది చదవండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకు పూర్తి వేగం ఆన్ చేయాలి. సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’, శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ అనే పేర్లతో కనిపిస్తుంది.

సౌండ్‌బార్: దాన్ని టీవీలో ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసిన పోర్టుకే పెట్టాలి. వేరే పోర్టుకు పెడితే టీవీ శబ్దం బార్‌కు రాదు.

కొనే ముందు ఈ నాలుగు చూడండి

1. రెండు కొసల్లోని పోర్టులు ఏవి? ఏది తక్కువైతే వేగం అక్కడే ఆగిపోతుంది.
2. నిజంగా చూసేది ఎంత? 1080పి, 4కె 60, 4కె 120లలో ఏది?
3. దూరం ఎంత? తాడుతో కొలిచి, వంపులకు అర మీటరు కలపండి. అంతకు మించి పొడవు వద్దు.
4. ప్రీమియం లేదా అల్ట్రా అయితే లేబుల్ స్కాన్ అయిందా?

ముందు పోర్టు చూడండి, తర్వాత దూరం కొలవండి, చివర్లో ధర అడగండి. షాపులో ‘ఇది వేస్తే క్లారిటీ పెరుగుతుంది సార్’ అని ఖరీదైన ప్యాకెట్ చేతిలో పెడితే, ఏ రెజల్యూషన్‌కు, ఎన్ని మీటర్లకు అని అడగండి. ఆ రెండింటికీ జవాబు రాకపోతే ప్యాకెట్ తిరిగి అక్కడే పెట్టేయొచ్చు. ఆ మిగిలిన డబ్బు మంచి సౌండ్‌బార్ వైపు దాచుకోండి.