నీ బండి పక్కకు ఆగదు బిడ్డా

తుర్కయంజాల్,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న రాత్రి రెండున్నరకు నీ కోసం క్యాబ్ వచ్చినప్పుడు నేను మేలుకునే ఉన్నాను. బండి బొంగుళూరు వైపు మళ్ళేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. మొన్న బుధవారం నువ్వు డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి ఒక మాట అడిగావు. "నేనేమన్న వాళ్లింట్ల పనిమనిషినా పెద్దమ్మా?" అని. విమానంలో శాండ్‌విచ్ అయిపోయిందని చెప్పినందుకు ఒకాయన పదిమందిలో నిన్ను అన్న మాటలు చెప్పావు. అప్పుడు నేను అన్నం పెట్టానే గాని జవాబు చెప్పలేదు. నీ కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్ర మొహం మీద చెప్పే సంగతి కాదిది, అందుకే రాస్తున్నాను. బ్యాగులో పెట్టుకో, తీరిక దొరికినప్పుడు చదువుకో.

నీ నోట వచ్చిన మాటే 2022 డిసెంబరులో దేశమంతా విన్నది. ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండిగో విమానంలో భోజనం దగ్గర మొదలైన లొల్లి అది. నేను ఉద్యోగిని, మీ పనిమనిషిని కాను అని సిబ్బందిలో ఒక అమ్మాయి గట్టిగా అన్నది. ఎవరో ఫోన్‌లో తీశారు. అప్పట్లో జెట్ ఎయిర్‌వేస్ పగ్గాలు పట్టబోతున్న సంజీవ్ కపూర్ కూడా ఆమె పక్షానే మాట్లాడాడు. నేనూ ఆ వీడియో చూశాను. తోటి పిల్ల కంట నీళ్లు చూసి ఆమె అట్లా మాట్లాడింది, ఆ తెగువ నాకు నచ్చింది. కానీ ఒక్కటి చెప్తాను. పనిమనిషినైనా అట్లా అనకూడదు బిడ్డా. మన వీధిలో నాలుగిళ్లలో గిన్నెలు తోమే వాళ్లకూ ఆ మాట తగలకూడదు. నువ్వు పనిమనిషివి కావు కాబట్టి గౌరవం ఇవ్వమని అడగకు. మనిషివి కాబట్టి అడుగు.

నేను ఇరవై రెండేళ్లు కండక్టర్‌గా చేశాను. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, తెల్లవారుజామున నాలుగింటికి డిపోకు పోయి, టికెట్ల పెట్టె తీసుకుని బండెక్కేదాన్ని. తరవాత మిషన్లు వచ్చాయి. నీకు 186 సీట్లకు నలుగురు. నాకు యాభై సీట్లకు నేనొక్కదాన్ని, ఎక్కేది మాత్రం వందమంది. నీ విమానం సంగతి నాకు తెలియకపోయినా ప్రయాణికుడి కోపం సంగతి తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తప్పు చేశాను. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు. వాన పడుతున్న పొద్దున, మొదటి ట్రిప్పు. మన్నెగూడలో ఒక ముసలాయన ఎక్కి ఐదొందల నోటు చేతిలో పెట్టాడు. నా సంచిలో ఇంకా బోణీ చిల్లర కూడా లేదు. "చిల్లర లేకుంటే దిగు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ నోటును నాలుగు మడతలు పెట్టి అంగీ లోపలి జేబులో దోపుకుని, ఇంజాపూర్‌లో వానలో దిగిపోయాడు. బండి కదిలాక, కూరగాయల గంపతో కూర్చున్న ఆమె అన్నది: "ఆయన పెండ్లాం దవాఖానల ఉన్నది. ఆ పైసలు కట్టనీకె పోతున్నడు." ఎల్బీనగర్ వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. చిల్లర లేకపోవడం నాకు కష్టమే, ఆయన తప్పు మాత్రం కాదు. పక్కవాళ్లను అడిగితే ఎవరో ఒకరు సర్దేవాళ్లు. నేను అడగలేదు. ఒంటి మీద ఖాకీ ఉంది కదా అని దింపేశాను.

శాండ్‌విచ్ అయిపోవడమూ అట్లాంటిదే. ఎక్కించిన లెక్క నీది కాదు, ఆకలి ఆయనది. "అయిపోయింది" అని చెప్పి ట్రాలీ ముందుకు తోస్తే ఆ మాట ఆయనకు చెంపదెబ్బలా తగులుతుంది. "అది లేదు సార్, ఇదుంది, ఇది కూడా కారం లేకుండా బాగుంటుంది" అని అరనిమిషం నిలబడితే చాలాసార్లు అక్కడే చల్లబడుతుంది. చల్లబడలేదా, నువ్వు పక్కకు తప్పుకుని మీ సీనియర్‌ను పంపు. ఇది ఓడిపోవడం కాదు. నామీద కోపం వచ్చినవాడికి డ్రైవరన్న వచ్చి చెప్తే వినేవాడు, అదే మాట, అదే ధర. మొహం మారితే కోపానికి పట్టు దొరకదు.

అట్లా అని తప్పంతా మనదే అనుకోకు. 2024 జనవరి చివర్లో హయత్‌నగర్ డిపో కండక్టర్ల మీద ఒక ప్రయాణికురాలు చేసిన దాడి నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడా ఐదొందల నోటే, చిల్లర లేదన్న మాటే. తిట్టింది, కాలితో తన్నింది. ఎల్బీనగర్ పోలీస్ స్టేషన్‌లో కేసయింది. ఆ వీడియో చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. మాలో ఎవరికైనా అట్లాంటిది జరిగితే ఒక దారి ఉండేది. డ్రైవరన్నతో "బండి స్టేషన్‌కు తిప్పు" అనేవాళ్లం. తాగినవాడు కూడా ఆ మాటకు దిగివచ్చేవాడు.

నీ బండి పక్కకు ఆగదు బిడ్డా. ముప్ఫై వేల అడుగుల మీద స్టేషనూ లేదు, స్టాపూ లేదు. తిట్టినవాడు, తిట్టించుకున్న నువ్వు, చూస్తున్న 180 మంది, ఇంకో గంటన్నర అదే గొట్టంలో కూర్చోవాలి. అందుకని నీ దగ్గర మాటే మొదటి ఆయుధం. మాటతో కానప్పుడు ఏం చేయాలో రూలు ఉంది, దాన్ని కంఠతా పట్టు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017 సెప్టెంబరులో తెచ్చిన నియమం ప్రకారం నోటితో వేధిస్తే, తాగి అల్లరి చేస్తే మూడు నెలల దాకా విమానం ఎక్కనివ్వరు. తోసినా, కొట్టినా, చెడ్డగా తాకినా ఆరు నెలల దాకా. ప్రాణం మీదికి తెచ్చినా, కాక్‌పిట్ తలుపు మీదికి పోయినా రెండేళ్లు, ఆపైన ఎంతకాలమైనా. రిటైర్డ్ జిల్లా జడ్జి పెద్దగా ఉండే కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కాబట్టి అక్కడికక్కడ శిక్ష వేసే పని నీది కాదు. ఏ సీటు, ఎన్ని గంటలకు, ఏమన్నాడు, ఎవరు చూశారు, అన్నీ రాసిపెట్టు. కెప్టెన్‌కు చెప్పు.

ఒంటి మీద చెయ్యి పడితే మాత్రం నేను చెప్పిన ఓపిక మాటలన్నీ పక్కన పెట్టు. 2023 జనవరి 23న ఢిల్లీ నుంచి మన హైదరాబాద్‌కు రావాల్సిన స్పైస్‌జెట్ విమానంలో ఒక ప్రయాణికుడు చెడ్డగా తాకాడని సిబ్బంది అమ్మాయి ఫిర్యాదు చేసింది. ఇరుకు సందులో పొరపాటున తగిలిందని కొందరు ప్రయాణికులు అన్నారు. అయినా ఆ ప్రయాణికుణ్ణి, అతనితో ఉన్నవాణ్ణి బయలుదేరకముందే దింపేశారు, పోలీసులకు అప్పజెప్పారు. నోరు విప్పడానికి ఆ అమ్మాయి ఎవరి అనుమతీ అడగలేదు. నువ్వూ అడగకు. ఉద్యోగం పోతుందేమోనని ఆలోచించకు. ఇంటి తలుపు తెరిచే ఉంటుంది.

పెద్దమనుషుల సంగతి ఎక్కువ చెప్పను. 2017 జూన్‌లో విశాఖ విమానాశ్రయంలో, ఆలస్యంగా వచ్చినందుకు బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి గొడవపడ్డ దృశ్యాలు టీవీలన్నీ చూపించాయి. విమానయాన మంత్రిగా ఉన్న అశోక్ గజపతిరాజుది కూడా ఆయన పార్టీయే. అయినా విమాన సంస్థలు ఆయన్ను కొన్నాళ్లు ఎక్కనివ్వలేదు. వేళ దాటిందని కౌంటర్‌లో కూర్చున్న పిల్లలు ఆ రోజు ఎంపీకి మొహం మీదే చెప్పారు. నాకు వాళ్లంటే గౌరవం.

ఇప్పుడు నా మనసులో అన్నింటికంటే బరువుగా ఉన్న సంగతి చెప్తాను.

2022 సెప్టెంబరు 16న విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానంలో ఒక తెలుగామె 2ఏ సీట్లో కూర్చుంది. అది అత్యవసర ద్వారం వరుస. ఆమెకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. భద్రత కారణమని చెప్పి ఆమెను 3సీకి మార్చారు. అదే విమానంలో ఉన్న ఐఐఎం అహ్మదాబాద్ అధ్యాపకురాలు ఒకరు ఈ సంగతి ట్విట్టర్‌లో రాశారు. అప్పటి మంత్రి కేటీఆర్ స్పందించి, స్థానిక భాషలు వచ్చిన వాళ్లను పెట్టుకోమని ఆ సంస్థను అడిగారు.

నేను దీని గురించి చాలా ఆలోచించాను. ఆ సిబ్బందిని తిట్టడం తేలిక. రూలు తప్పేం కాదు. తలుపు పక్కన కూర్చునేవాళ్లకు సిబ్బంది చెప్పింది అర్థం కావాలి, అవసరమైతే తలుపు తీయాలి. విమానం అమ్మకముందే, సగం తలుపులు మూసి ఉన్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాలట కదా, నువ్వే చెప్పావు. 2024 జనవరి 2న టోక్యో హనేదాలో రన్‌వే మీద ఇంకో విమానాన్ని ఢీకొని జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం అంటుకుంటే, లోపలున్న 379 మందీ ప్రాణాలతో దిగారు. సిబ్బంది అరిచిన మాట అక్కడున్నవాళ్లకు అర్థమైంది, విన్నారు, సంచులు వదిలేసి దిగారు. నిప్పు అంటుకున్నాక అనువాదానికి టైం ఉండదు. అందుకని ఆ రూలు ఉండాల్సిందే.

కానీ బిడ్డా, విజయవాడలో ఎక్కి హైదరాబాద్‌లో దిగే విమానంలో తెలుగు రాకపోవడం ఎవరి లోటు? తెలుగు మాత్రమే వచ్చిన ఆమెదా? ఆమె టికెట్ కొనుక్కుంది, చెప్పిన సీట్లో కూర్చుంది, లెమ్మంటే లేచింది. నా బస్సులో నుంచి వానలోకి దిగిపోయిన ముసలాయన కూడా అట్లాగే, ఏమీ అనకుండా దిగాడు. నాకు ఈ ఇద్దరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఎదురు తిరిగి అరిచేవాడితో పేచీ అందరికీ తెలుస్తుంది, వీడియో వస్తుంది, వార్త వస్తుంది. తల వంచుకుని లేచిపోయే వాళ్లతో మనం పెట్టుకునే పేచీ ఎవరికీ కనపడదు. ఆ రోజు ఆ అధ్యాపకురాలు రాయకపోతే ఈమె సంగతీ తెలిసేది కాదు.

రేపు నిన్ను గల్ఫ్ రూట్లలో వేస్తారు. శంషాబాద్‌లో ఎక్కేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. దుబాయ్‌కో కువైట్‌కో మొదటిసారి పోతూ, పెళ్లాం బిడ్డలను విడిచి ఏడ్చి వచ్చినవాళ్లు. బెల్టు పెట్టుకోవడం రాదు, లైటు బటన్ అనుకుని నిన్ను పిలిచే బటన్ నొక్కుతారు. టాయిలెట్ తలుపు తోయాలో లాగాలో తెలియక నిలబడతారు. వాళ్లను చూసి గ్యాలీలో నవ్వుకునేవాళ్లతో కలవకు. "అన్నా, ఇట్ల లాగితే ఊడొస్తది" అని ఒక్కసారి మన భాషలో చెప్పు. ఆ మాటతో వాళ్ల భయం సగం పోతుంది. బీడీ ముట్టిస్తే మాత్రం ఊరుకోకు. సిగరెట్ నిషేధమైనా టాయిలెట్ దగ్గర యాష్‌ట్రే ఎందుకుంటుందో నువ్వే చెప్పావు. దొంగచాటుగా తాగినవాడు ఆ తునకను కాగితాల బుట్టలో వేస్తే నిప్పంటుకుంటుందని. 1973లో పారిస్ దగ్గర ఒక విమానం టాయిలెట్‌లో పుట్టిన నిప్పుతోనే 123 మంది పోయారు. అక్కడ అన్న అయినా తమ్ముడైనా ఒకటే.

ఇంకో చిన్న మాట. 2025 డిసెంబరులో పైలట్ల డ్యూటీ వేళల నియమం మారి ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు శంషాబాద్‌లోనూ జనం కౌంటర్ల మీద పడ్డారు. ఆ కౌంటర్ వెనక పిల్లల చేతిలో విమానమూ లేదు, పైలటూ లేడు. అట్లాంటి రోజు నీకూ వస్తుంది. తెలిసిందే చెప్పు. తెలియంది తెలియదని చెప్పు. "ఇంకో పది నిమిషాల్లో" అని అబద్ధం చెప్పకు. బస్సు ఆలస్యమైనప్పుడు మాకు దెబ్బలు పడ్డది ఆలస్యానికి కాదు, ఆ పది నిమిషాల మాటకే.

టేకాఫ్ అప్పుడు జంప్‌సీట్‌లో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటే ఊరికే కూర్చున్నావని జనం అనుకుంటారని చెప్పావు. ఇప్పుడు నిప్పొస్తే ఏ తలుపు, ముందు ఏం అరవాలి, సాయం చేయగలిగిన వాళ్లు ఎవరు అని మీరు లోపల్లోపల లెక్క వేసుకుంటారట. ఆ లెక్కలో ఇంగ్లీషు రాని వాళ్లు ఏ సీట్లలో ఉన్నారో కూడా చేర్చుకో. తలుపు తీసే సూచనలను తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పట్టు. మీ సంస్థ అడగకపోయినా సరే. మీ బ్యాచ్‌లో ఒరియా పిల్ల ఉందన్నావు, మణిపూర్ పిల్ల ఉందన్నావు. హైదరాబాద్ రూట్లలో తిరిగే వాళ్లకు ఆ నాలుగు వాక్యాలు నేర్పు.

పోయిన ఆదివారం నువ్వు అద్దం ముందు డెమో అభ్యాసం చేస్తుంటే అమ్మమ్మ మంచం మీద నుంచి "ఏం జెప్తున్నవే?" అని అడిగింది. నువ్వు విసుక్కోకుండా కూర్చుని, చున్నీని బెల్టులాగా చుట్టి, తెలుగులో అంతా చెప్పావు. ఇప్పుడు ఆమెకు ఎనభై ఒకటి. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. పొద్దున పాలవాడికి చేతులు చాపి చూపిస్తోంది, ముందు రెండు తలుపులు, నడుమ నాలుగు, వెనక రెండు అని.

నీ
పెద్దమ్మ