పొరుగువాడి ఇల్లు నిలబెట్టండి

పొరుగువాడిది ఆశించవద్దన్న ఆజ్ఞ పదింటిలో ఎన్నోది? బాపట్లలో బాప్టిస్టు సండేస్కూలు పిల్లలు పదోదంటారు. తెనాలి, రేపల్లె లూథరన్ పిల్లలకు తొమ్మిదీ పదీ రెండూ అవే: ఇల్లు తొమ్మిదోదాంట్లో, భార్య, పనివాళ్లు, పశువులు పదోదాంట్లో. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాక ఇక్కడ వేళ్లూనుకున్న సంప్రదాయంలో లెక్క అది.

లెక్క ఎలా ఉన్నా, మార్టిన్ లూథర్ 1529 నాటి చిన్న బోధ పుస్తకంలో ఇచ్చిన వివరణ మాత్రం అందరికీ పనికొస్తుంది. ఆశపడకు అని చెప్పి ఊరుకోలేదాయన. పొరుగువాడి ఇల్లూ ఆస్తీ అతని దగ్గరే నిలిచేలా సాయపడమన్నాడు. రోగం మనసులో పుట్టినా మందు చేతుల్లో ఉంది.

పక్కింటివాళ్లు స్లాబు వేస్తున్నారా? కన్ను కుట్టకముందే వెళ్లండి. మీ మోటారు నీళ్లివ్వండి. సిమెంటు బస్తాలు మీ వరండాలో పెట్టుకోనివ్వండి. గృహప్రతిష్ఠ ప్రార్థనలో ముందు వరసలో కూర్చోండి. మనం కాస్త చెమటోడ్చిన ఇంటిమీద కుళ్లు ఎక్కువకాలం నిలవదు. పెళ్లికి తెనాలి బంగారం కొట్లకు వెళ్తున్నారా? ఎన్ని కాసులో ఇంట్లోనే కాగితంమీద రాసుకుని బయల్దేరండి. తోటికోడలి మెడలో చూసింది ఆ కాగితంలోకి రానివ్వకండి.

వెంటనే మనసు మారలేదని కుంగిపోవద్దు. పౌలు ఫిలిప్పీ సంఘానికి చెరలో ఉండి రాస్తూ, తృప్తిగా ఉండడం నేర్చుకున్నానన్నాడు, లేమిలోనూ, సమృద్ధిలోనూ. నేర్చుకునేదేదైనా సాధనతోనే వస్తుంది. ధాన్యం డబ్బు చేతికొచ్చిన వారమే ఆ సాధన మొదలుపెట్టండి. చేతిలో ఏమీ లేనప్పుడు కోరికలు ఎలాగూ అణిగే ఉంటాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కూలి పెంచమన్నవాళ్ల నోరు మూయడానికి తృప్తి వాక్యాలు వాడకండి. నాబోతు ద్రాక్షతోట కథలో దురాశ రాజుది, పోయిన ప్రాణం తోటవాడిది. తాతల నాటి తోట ఇవ్వనన్న నాబోతుది తప్పని బైబిలు ఎక్కడా అనలేదు. నాట్లేసి న్యాయమైన కూలి అడిగే తల్లినీ ఎవరూ తప్పుపట్టకూడదు.

డెల్టాలో ఈ ఆజ్ఞకు అసలు పరీక్ష కాలవ గట్టున. రేపల్లె వైపు శివారు పొలాలకు నీళ్లు అందరికంటే చివర అందుతాయి. ఎగువ పొలం మీదైతే, మడి తడవగానే తూము మూసేయండి. దిగువ రైతు వంతు అతనికి పోనివ్వండి.