జాకెట్టు ముక్కలో బహుమతి

డిసెంబరు మూడో వారం నుంచి కనుమ దాకా తెనాలి, బాపట్ల, రేపల్లె బజార్లలో ఫ్యాన్సీ షాపులకు తీరిక ఉండదు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరసగా వస్తాయి. కొన్న వస్తువుకు మెరుపు కాగితం చుట్టి, పైన రిబ్బను పువ్వు అంటిస్తేనే ఇచ్చినట్టుంటుందని చాలామంది నమ్మకం. పుచ్చుకున్నవాళ్లు దాన్ని నిమిషంలో చింపి పారేస్తారు.

ఆ కాగితాన్ని గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే మామూలు కాగితం. మళ్లీ విచ్చుకుంటే అందులో ప్లాస్టిక్ ఉన్నట్టే. అది మట్టిలో కలవదు, కాగితం మిల్లుకూ పనికిరాదు. భోగిమంటలో వేస్తే విషపు పొగ. తెనాలి ఊళ్లోంచి కృష్ణా కాలువలు పారుతున్నాయి. బాపట్ల, రేపల్లె దాటితే సముద్రమే. మనం కాలువలో పడేసింది రేపు సూర్యలంక ఒడ్డున తేలవచ్చు.

ఇది తెలిసీ మానలేకపోవడానికి కారణం ఒక్కటే: నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు. పాత గుడ్డలోనో కాగితంలోనో చుట్టి ఇస్తే పిసినారి అంటారేమోనని భయం. తాను సరైనదనుకున్న పనిని నలుగురిలో సంకోచం లేకుండా చేయగలగడమే వ్యక్తిత్వం. దాన్ని అలవరచుకోవడానికి బహుమతిని అలా చుట్టి ఇవ్వడం కంటే తేలికైన పాఠం దొరకదు.

పాతదంటే తక్కువేమీ కాదని తెనాలి శిల్పులు ఎప్పుడో చూపించారు. సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు బృందం పాత ఇనుప నట్లు, బోల్టులతో 2021లో 14 అడుగుల ప్రధాని విగ్రహం నిలబెట్టింది. బహుమతులు చుట్టడంలోనూ ఇలాంటి దారి ఉంది. జపాన్‌లో వస్తువుల్ని గుడ్డలో మూటకట్టి ఇచ్చే పాత ఆచారం ఉంది, దాన్ని ఫురోషికి అంటారు. 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కోయికే, వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన నూలుతో అలాంటి గుడ్డ తయారుచేయించి ఆ అలవాటును మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు.

మనకు గుడ్డ కొనే పని కూడా లేదు. పేరంటాల్లో తాంబూలంతో వచ్చిన జాకెట్టు ముక్కలు ప్రతి బీరువాలోనూ ఉంటాయి. చాలావాటిని కుట్టించుకోరు, పారేయనూ లేరు; ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. ఒకటి పరిచి, పుస్తకమో స్వీటు డబ్బానో మధ్యలో ఐమూలగా పెట్టండి. ఎదురెదురు మూలలు రెండు పైకి తెచ్చి ముడి వేయండి. మిగిలిన రెండు మూలలు దానిమీదుగా తెచ్చి ఇంకో ముడి. టేపు అక్కర్లేదు. ముడి సందులో బంతిపువ్వు గుచ్చితే పండగ కళ వచ్చేస్తుంది. పుచ్చుకున్నవారు ఆ గుడ్డను ఇంకొకరికిచ్చే బహుమతికి వాడుకోవచ్చు.

చిన్న వస్తువులకైతే ఏడాది అయిపోయిన గోడ క్యాలెండరు కాగితం చాలు. అంకెలు లోపలికి, తెల్లవైపు పైకి ఉంచి, అరటినారతో కట్టండి. దేవుడి బొమ్మలున్నవి మాత్రం వద్దు. పైన పిల్లల చేత పేరు రాయించండి; ఇవ్వడంలోని శ్రద్ధ వాళ్లకీ అబ్బుతుంది.

ఈ పండక్కి కనీసం ఒక్క బహుమతి ఇలా కట్టి ఇవ్వండి. ఎవరైనా అడిగితే, ఎందుకలా కట్టారో తలెత్తి చెప్పండి.