ఈతకొలను నీటిశుద్ధికి మొబైల్ యాప్

ఈత ఉత్తమమైన వ్యాయామము. అది కండరములకు బలమును, ఊపిరితిత్తులకు శక్తిని, మనస్సునకు ఉల్లాసమును కలుగజేయును. పూర్వము మన పిల్లలు ఊరి చెరువునందో, ఏటి రేవునందో, దిగుడుబావియందో ఈత నేర్చెడివారు. నేడు పట్టణములలో పాఠశాలలందును, అపార్టుమెంటు సముదాయములందును ఈతకొలనులు వెలసినవి.

కొలను కట్టి జలకమాడుట మన దేశమునకు క్రొత్త కాదు. మొహెంజొదారోలో బయల్పడిన మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు కలది. వాడిన నీటిని వెలుపలికి వదలుటకు దానికి కాలువ కూడ కలదు. మురికినీటిని వదలి క్రొత్తనీరు నింపుట ఆనాటి పద్ధతి. నేటి కొలనులో అట్లు కాదు. ఒకసారి నింపిన నీరే నెలల తరబడి వడపోత యంత్రము గుండ తిరుగుచుండును. కావున ఆ నీటిని నిరపాయముగా నుంచు భారము రసాయనముల మీదను, వానిని కొలిచి వేయు మనుష్యుని మీదను ఉన్నది.

ఆ కొలతలో సాయపడుటకు ఇప్పుడు మొబైల్ ఫోనులలో యాప్‌లు వచ్చినవి. ఇవి మంచి సాధనములే. కాని యాప్ లెక్క మాత్రమే కట్టును, నీటిని పరీక్షింపదు. పరీక్ష తప్పినచో లెక్క ఎంత ఒప్పైనను కీడే కలుగును. ఈ ఒక్క విషయమును కొలనును కాపాడువారును, అందు పిల్లలను దింపు తల్లిదండ్రులును గ్రహింపవలెను.

నీటిలోని శత్రువులు

పదిమంది దిగిన నీటిలో చెమట, ఉమ్మి, మూత్రము, చర్మముపై నుండు సూక్ష్మజీవులు చేరును. అతిసారముతో బాధపడు బిడ్డ ఒక్కరు దిగినను ఆ నీరు మింగిన తక్కినవారికి వ్యాధి సోకవచ్చును. చెవిపోటు, కండ్లకలక, చర్మవ్యాధులు కూడ ఇట్లే వ్యాపించును. వెచ్చని మంచినీటిలో పెరుగు నెగ్లేరియా ఫౌలెరి అను అమీబా ముక్కుగుండ మెదడునకు ప్రాకి ప్రాణము తీయును. 2024లోను, 2025లోను కేరళ రాష్ట్రమున అమీబా వలన కలుగు మెదడువాపుతో పలువురు మరణించిరి. వారిలో పిల్లలును కలరు. చాలినంత క్లోరిను లేని ఈతకొలనులు కూడ ఇట్టి అమీబాకు నెలవు కాగలవు.

ఈ శత్రువులలో చాలవానిని క్లోరిను జయించును. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రము తెలిపిన లెక్క ప్రకారము, లీటరునకు 1 మిల్లీగ్రాము, అనగా 1 పీపీఎం క్లోరిను గల నీటిలో అతిసారము కలిగించు ఈ-కోలి రకములు ఒక్క నిమిషము లోపలనే నశించును. హెపటైటిస్-ఏ వైరసునకు 16 నిమిషములు, జియార్డియాకు 45 నిమిషములు పట్టును. క్రిప్టోస్పోరిడియము అను పరాన్నజీవి మాత్రము పది దినములకు పైగా బ్రతికియుండును. అందుచేతనే అతిసారము కలవారిని నీటిలో దిగనీయకుండుట మొదటి రక్షణ, క్లోరిను రెండవది.

క్లోరిను, పీహెచ్

క్లోరిను నీటిలో కలిసినపుడు రెండు రూపములు దాల్చును. మొదటిది హైపోక్లోరస్ ఆమ్లము; ఇది క్రిములను చంపుటలో మిక్కిలి చురుకైనది. రెండవది హైపోక్లోరైటు, ఇది మందకొడి. ఏది ఎంత యుండునో నీటి ఆమ్ల క్షార గుణమును తెలుపు పీహెచ్ అను కొలత నిర్ణయించును. పీహెచ్ 7 ఉన్నపుడు క్లోరినులో సుమారు నాలుగింట మూడు వంతులు చురుకైన రూపమున నుండును. 7.5 వద్ద సగము, 8 వద్ద పావువంతు మాత్రమే మిగులును. కనుక పీహెచ్ హెచ్చిన కొలనులో క్లోరిను కలదని సంతోషించుట వట్టి భ్రమ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన మార్గదర్శకములు క్లోరిను వాడు కొలనులో పీహెచ్ 7.2కును 7.8కిని నడుమ నుండవలెనని చెప్పుచున్నవి. మన దేశమున ఈతకొలను నీటికి ఐఎస్ 3328 అను భారతీయ ప్రమాణము కలదు. స్థానిక ఆరోగ్యాధికారులు హద్దులు విధించినచోట వానినే యాప్‌లో లక్ష్యములుగా నమోదు చేయవలెను. యాప్ తయారుచేసినవారు ముందుగా నింపియుంచిన అంకెలు ఏ దేశపు కొలనుల కొరకు వ్రాసినవో చూడకయే వానిని అంగీకరింపరాదు.

యాప్ చేయు పని

యాప్ ఐదు విషయములను అడుగును: కొలనులో నీరెంత, పరీక్షలో తేలిన అంకెలెంత, చేరవలసిన లక్ష్యమెంత, వాడు మందు ఏది, దాని బలమెంత. వీనిని బట్టి ఎంత మందు వేయవలెనో చెప్పును.

ఈ లెక్క ఎట్టిదో తెలిసికొనుట మంచిది. ఒక కొలను 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కలదనుకొందము. లోతు ఒక ప్రక్క 1 మీటరు, వేరొక ప్రక్క 2 మీటర్లు; సగటు లోతు ఒకటిన్నర మీటరు. మూడింటిని గుణించినచో 375 ఘనపు మీటర్లు, అనగా 3,75,000 లీటర్లు. 1,000 లీటర్ల నీటిలో 1 పీపీఎం పెంచుటకు 1 గ్రాము క్లోరిను కావలెను. కనుక ఈ కొలనులో 1 పీపీఎం పెంచుటకు 375 గ్రాముల క్లోరిను అవసరము. నూటికి 33 వంతుల క్లోరిను గల తాజా బ్లీచింగ్ పౌడరైనచో సుమారు 1,140 గ్రాములు వేయవలెను. అదే పౌడరు తేమతగిలి బలము నూటికి 20కి దిగజారినచో 1,875 గ్రాములు కావలెను. యాప్‌నకు సంచిమీది అంకె మాత్రమే తెలియును. సంచి ఎన్నినెలలుగా మూతవిప్పి యున్నదో తెలియదు.

నీటి పరిమాణమును నమోదు చేయునపుడు మరియొక ప్రమాదము కలదు. విదేశములలో తయారైన యాప్‌లు పలుమారు గ్యాలనులలో లెక్క కట్టును. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. గ్యాలనుల గడిలో 3,75,000 అని లీటర్ల అంకెను వ్రాసినచో యాప్ దాదాపు నాలుగు రెట్లు మందు వేయుమని చెప్పును. అందువలన మొదటి దినముననే పై ఉదాహరణము వలె ఒకసారి కాగితముమీద లెక్కకట్టి, యాప్ చెప్పిన అంకెతో సరిచూచుకొనవలెను.

పరీక్షలో పొరపాట్లు

పరీక్ష కొరకు నీటిని కొలను ఉపరితలమునుండి గాని, శుద్ధినీరు వచ్చు రంధ్రముల చెంతనుండి గాని తీయరాదు. మోచేయి లోతున సీసాను ముంచి తీయవలెను.

క్లోరినును చూచుటకు రెండు విధములైన పరీక్షలు వాడుకలో నున్నవి. పసుపురంగు చూపు ఆర్థోటాలిడిన్ పరీక్ష నీటిలోని మొత్తము క్లోరినును చూపును. అందులో మురికితో కలిసి శక్తి కోల్పోయిన సంయుక్త క్లోరిను కూడ చేరియుండును. గులాబిరంగు చూపు డీపీడీ పరీక్ష శక్తిగల స్వేచ్ఛా క్లోరినును వేరుగా చూపును, ఇదియే మేలైనది. మొత్తము క్లోరిను నుండి స్వేచ్ఛా క్లోరినును తీసివేయగా మిగులునది సంయుక్త క్లోరిను. కన్నులు మండించు ఘాటు వాసన ప్రధానముగా దీనిదే. కనుక వాసన హెచ్చుగా నున్న కొలను శుభ్రమైనదనుట పొరపాటు; చెమట, మూత్రము చేరిన నీటికే ఆ వాసన పుట్టును.

డీపీడీ పరీక్షలో ఒక మోసము కలదు. నీటిలో క్లోరిను మితిమీరి యున్నపుడు గులాబిరంగు క్షణకాలము పుట్టి వెంటనే వెలిసిపోవును. సీసాలోని నీరు తెల్లగా కనబడును. అది చూచి క్లోరిను లేదని భావించిన పనివాడు యాప్‌లో సున్న వ్రాయును. యాప్ ఆ సున్నను నమ్మి ఇంకను క్లోరిను వేయుమని చెప్పును. మరునాడును అట్లే జరుగును. లెక్క ప్రతిదినము ఒప్పుగనే యుండును; నీటిలో దిగిన బిడ్డలకు మాత్రము కన్నులు ఎర్రబారి, చర్మము మండి, దగ్గు పట్టుకొనును. ఇట్టి సందేహము కలిగినపుడు ఒక పాలు కొలను నీటికి నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటరు కలిపి మరల పరీక్షించి, వచ్చిన అంకెను 5తో గుణింపవలెను. నిన్న మందు వేసిన నీటిలో నేడు సున్న కనబడినచో, యాప్‌ను నమ్ముటకు ముందు పరీక్షను శంకింపవలెను.

ఫోను కెమేరాతో పరీక్షపట్టీ రంగును చదువు యాప్‌లును కలవు. వెలుతురు మారినచో ఆ రంగు వేరుగా కనబడును. గదిలోని పచ్చని దీపము క్రిందను, మిట్టమధ్యాహ్నపు ఎండలోను తీసిన చిత్రములు ఒక్క రీతిగా నుండవు. ప్రతిదినము ఒకే చోట, నీడపట్టున, పగటి వెలుతురులో చూచుట మంచిది.

ఎండ, సయనూరిక్ ఆమ్లము

మన దేశపు ఎండ తీక్ష్ణమైనది. ఆరుబయటి కొలనులోని క్లోరిను ఎండకు కొద్ది గంటలలోనే చాలవరకు నశించును. దీనిని నిలుపుటకు సయనూరిక్ ఆమ్లము తోడ్పడును. బజారులో టీసీసీఏ అను పేర దొరకు బిళ్లలలో క్లోరినుతోపాటు ఈ ఆమ్లము కూడ చేరియుండును. బిళ్లలు వాడుట సులభము. అందుచేత చాలచోట్ల అవియే వాడుచున్నారు.

కాని క్లోరిను ఖర్చగుచుండును, సయనూరిక్ ఆమ్లము మిగులుచుండును. ఈ బిళ్లలతో 1 పీపీఎం క్లోరిను చేర్చినపుడెల్ల సుమారు 0.6 పీపీఎం ఆమ్లము నీటిలో చేరును. దినమునకు 2 పీపీఎం చొప్పున వేసి, నీరు మార్చకున్నచో, మూడు నెలలు నిండకమునుపే ఆమ్లము 100 పీపీఎం చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఆ హద్దు దాటనీయరాదని చెప్పినది. ఆమ్లము పెరిగినకొలది క్లోరిను చేతులు కట్టివేసినట్లగును. పరీక్షలో క్లోరిను చాలినంత కనబడినను క్రిములు చావవు. సయనూరిక్ ఆమ్లము వాడని కొలనులో కనీసము 1 పీపీఎం, వాడు కొలనులో కనీసము 2 పీపీఎం క్లోరిను ఉండవలెనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము సూచించుటకు కారణమిదే. పెరిగిన ఆమ్లమును తగ్గించుటకు కొంత నీటిని వదలి క్రొత్తనీరు నింపుటయే సులభమైన ఉపాయము.

మంచి యాప్‌లు ఈ ఆమ్లమునకు కూడ ఒక గడి నుంచును. పరీక్ష చేయక ఆ గడిని ఖాళీగా వదలివేయుట తగదు. నెలకొకసారియైనను దీనిని పరీక్షించి నమోదు చేయవలెను.

కాఠిన్యము, క్షారత్వము

దక్కను పీఠభూమిలో బోరుబావుల నీరు అనేకచోట్ల కఠినమైనది. అట్టి నీటికి బ్లీచింగ్ పౌడరు తోడైనచో సున్నము ఇంకను పెరిగి, పలకలమీదను, గొట్టములలోను తెల్లని పొక్కుగా పేరుకొనును. మిక్కిలి మెత్తని నీరు ఇందుకు విరుద్ధముగా సిమెంటును తినివేయును. ఈ రెండు గుణముల నడుమ తూకమును కొలుచుటకు 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన లాంగెలియర్ ఒక సూచికను రూపొందించెను. చేతితో కట్టుటకు కష్టమైన ఈ లెక్కను యాప్ క్షణములో చేయును. యాప్ నిజముగా మేలుచేయు సందర్భములలో ఇది యొకటి.

క్షారత్వమును పెంచుటకు వంటసోడాయు, పీహెచ్‌ను పెంచుటకు చాకలిసోడాయు, తగ్గించుటకు హైడ్రోక్లోరిక్ ఆమ్లమును వాడుదురు. యాప్ చెప్పిన ఆమ్లములో సగమే మొదట వేసి, కొన్ని గంటలు నీటిని త్రిప్పి, మరల పరీక్షించి తక్కినది వేయుట క్షేమము. వేసిన ఆమ్లమును వెనుకకు తీయుట ఎవరి తరము కాదు.

మందు వేయునపుడు

యాప్ రెండు మందులను ఒక్క దినమే వేయుమని చెప్పవచ్చును. వానిని కలిపి వేయుమని దాని భావము కాదు. ఆమ్లమును బ్లీచింగ్ పౌడరుతో గాని, హైపోక్లోరైటు ద్రవముతో గాని కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. 1915 ఏప్రిల్ 22న ఈప్ర్ రణరంగమున సైనికులను చంపిన విషవాయువు ఇదియే. టీసీసీఏ బిళ్లలను బ్లీచింగ్ పౌడరుతో కలిపినచో మంటలు లేచి ప్రేలుడు కూడ సంభవింపవచ్చును. ఒకదానికి వాడిన డబ్బాను, గరిటెను వేరొకదానికి వాడరాదు.

మందును నీటిలో వేయవలెనే గాని మందుపై నీరు పోయరాదు. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపవలెను. కొలనులో ఎవరును లేనపుడు, పంపు నడుచుచుండగా వేయవలెను. ఘాటైన వాయువు వెలువడినచో అందరును గాలి వీచు దిక్కునకు ఎదురుగా దూరముగా పోయి, 112 సంఖ్యకు ఫోను చేయవలెను.

కొలనులో ఎవరైన మలవిసర్జన చేసినచో యాప్‌నకు తెలియదు, అది అడుగదు. వెంటనే అందరిని వెలుపలికి పంపి కొలనును మూయవలెను. అది అతిసారపు మలమైనచో, సయనూరిక్ ఆమ్లము లేని నీటిలో 20 పీపీఎం క్లోరినును 12 గంటల 45 నిమిషములు నిలిపినగాని క్రిప్టోస్పోరిడియము నశింపదు. తరువాత క్లోరిను మామూలు స్థాయికి దిగువరకు ఎవరును దిగరాదు.

దినచర్య

క్లోరినును, పీహెచ్‌ను ప్రతిదినము కొలను తెరచుటకు ముందును, జనము హెచ్చుగా నున్నపుడు మరల మరలను పరీక్షింపవలెను. క్షారత్వమును వారమునకొకసారి, కాఠిన్యమును నెలకొకసారి చూచినచో చాలును. పరీక్ష చేసినవారే, చేసిన వెంటనే, యాప్‌లో అంకెలు వ్రాయవలెను. నిన్నటి అంకెనే నేడును వ్రాయుట రోగికి జ్వరము చూడకయే పట్టికలో వ్రాయుట వంటిది. ఫోను పోయినను, పనివాడు మారినను లెక్క పోకుండుటకు కొలను వద్ద ఒక పుస్తకములో కూడ ఆ అంకెలను వ్రాసియుంచి, ఎవరడిగినను చూపవలెను.

తల్లిదండ్రులు ఆ పుస్తకమును చూపుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. బిడ్డను నీటిలో దింపుటకు ముందు నేటి క్లోరిను ఎంత, పీహెచ్ ఎంత, వానిని ఎవరు ఎప్పుడు చూచిరి అని విచారింపవలెను. కొలను అడుగు స్పష్టముగా కనబడకున్నచో ఆ దినము దింపరాదు. తాము కూడ దిగుటకు ముందు ఒడలు కడిగికొనుట, పిల్లలను మూత్రవిసర్జనకు పంపిన పిమ్మటనే దింపుట, అతిసారము వచ్చిన బిడ్డను ఇంటనే యుంచుట మరువరాదు. పరీక్ష సరిగా చేయు చేయి, శుభ్రత పాటించు జనము ఉన్నచోటనే యాప్ కట్టిన లెక్కకు విలువ కలుగును.